మూడో పొట్లం

నాలుగు నిమిషాలు అని పొట్లం మీద అచ్చు వేశారు గాని, ఎవరి నాలుగు నిమిషాలో వెయ్యలేదు. పళ్లున్నవాళ్లవా, ఊడినవాళ్లవా? మిజుయే పెద్ద గిన్నె నిండా నీళ్లు పట్టి పొయ్యి మీద పెట్టి, ఆ అంకె వైపే చూస్తూ నిలబడింది. అమ్మకి తొమ్మిది నిమిషాలు ఉడికించేది. ఉడికాక కత్తెరతో గోరంత ముక్కలు చేసి చెంచాతో పెట్టేది. ఇద్దరికి రెండు రకాలుగా వండడం ఎందుకని తనూ ఆ ముద్దే తినేది. సోబా నూడుల్స్ అన్నాక చప్పుడు చేస్తూ జుర్రుకోవాలి. కానీ ఆ చప్పుడు వింటే అమ్మ కూడా జుర్రబోయి పొలమారేది. అందుకని చప్పుడు లేకుండా తినడం నేర్చుకుంది. అలా పదకొండేళ్లు గడిచి అమ్మ పోయేసరికి, తనకి ఎంత ఉడికితే ఇష్టమో మర్చిపోయింది. మర్చిపోయిందో, అసలు ఎన్నడూ తెలియనే తెలియదో. యాభై మూడేళ్ల మనిషి తన పంటికి ఏది నచ్చుతుందో తెలియదంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వడానికైనా ఎవరో ఒకరు ఉండాలి గదా అనుకుంది. అనుకున్న మరుక్షణమే, తన మీద తనే జాలిపడుతూ పట్టుబడిపోయినట్టు అనిపించి, విసురుగా మంట పెంచింది.

పొట్లం ఇంకా విప్పలేదు. విప్పడానికి అది తనది కాదు.

బూడిదరంగు సోబా కట్టలు రెండు, ముంచుకునే రసం చిన్న సీసా ఒకటి, వాటి చుట్టూ తెల్లకాగితం పట్టీ. పట్టీ మీద కుంచెతో పైన ‘పలకరింపు’ అనీ, కింద కొంచెం పెద్దగా తన ఇంటిపేరు ‘కరసావా’ అనీ రాసి ఉంది. అది సోబా కొట్టు యజమానురాలి చేతిరాత. కొత్తింట్లో దిగినవాళ్లు ఇరుగుపొరుగుకి సోబా ఇచ్చి పలకరించడం పాత ఆనవాయితీ. జనవరి చివర, ఇల్లు మారడానికి రెండు రోజుల ముందు, ఊళ్లోని సోబా కొట్టుకి వెళ్లి మూడు పొట్లాలు కట్టించింది మిజుయే.

“మూడేనా? పక్కిల్లు, కింద రెండు ఇళ్లూనా?” అని అడిగింది కొట్టావిడ, కుంచె సిరాలో ముంచుతూ.

“అంతేనండి. మొత్తం నాలుగే వాటాలు.”

“ఈ రోజుల్లో ఎవరిస్తున్నారమ్మా! మా అల్లుడు కొత్తింట్లో దిగి తువ్వాళ్లు పంచాడు. తువ్వాళ్లు! సోబా కొట్టువాళ్ల అల్లుడై ఉండి! నేను నెల్లాళ్లు వాడితో మాట్లాడలేదు. మీరు మంచి పని చేస్తున్నారు. దిగిన రోజే ఇచ్చెయ్యండి, ఆలస్యం చెయ్యకండి. ఆ రోజు దాటితే మాట పెగలదు.”

ఆవిడ ఊరికే అన్న మాట అది. దిగిన రోజు సాయంత్రం మిజుయే మంచి స్వెట్టరు వేసుకుని, జుట్టు సరిచేసుకుని, మూడు పొట్లాలూ సంచిలో పెట్టుకుని బయల్దేరింది. పక్కనే ఉన్న రెండు వందల ఒకటిలో ఎవరూ లేరు. ఇనుప మెట్లు దిగి నూట ఒకటి గంట నొక్కింది. లేరు. తన గదికి సరిగ్గా కింద ఉన్న నూట రెండులో టీవీ మోగుతోంది, ఎవరో పకపకా నవ్వుతున్నారు అందులో. గంట నొక్కింది. టీవీ మోగుతూనే ఉంది. తలుపు తీయలేదు. ఇంకోసారి నొక్కుదామని వేలు ఎత్తి, ఎత్తిన వేలు దించుకుంది. లోపల మనిషుండీ తీయలేదంటే తీయడం ఇష్టం లేకనేమో. రేపు వద్దాంలే అనుకుంది.

రేపు లాండ్రీలో పని. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి మడతపెట్టే పెద్ద షెడ్డు అది. యంత్రాల హోరులో ఎవరితోనూ మాట్లాడక్కర్లేదని ఎంచుకున్న పని. మర్నాడు మంచు కురిసింది. ఆ తర్వాత మూడో రోజు, నాలుగో రోజు. ‘నిన్ననే దిగాను’ అనే మాట సులువు. ‘మొన్న దిగాను’ అన్నా ఫర్వాలేదు. ‘వారం కిందట దిగాను’ అంటే వారం రోజులూ ఏం చేశావన్న ప్రశ్న, అవతలివాళ్లు అడగకపోయినా, గడపలో నిలబడి ఉంటుంది. దానికో క్షమాపణ కావాలి. పదిహేను రోజులైతే ఒక కారణం కావాలి. ఇరవై రోజులు దాటితే కారణం కూడా చాలదు, జబ్బు కావాలి. ఈ మెట్లన్నీ మిజుయేకి స్పష్టంగా కనిపించేవి. కనిపిస్తూ ఉండగానే ఒక్కొక్కటే దిగిపోయింది.

ఇక ఎదురుపడకుండా ఉండడం మొదలైంది. పలకరించని మనిషికి మెట్ల మీద ఎదురైతే ఏ ముఖం పెట్టుకోవాలి? బయటికి వెళ్లే ముందు తలుపుకి చెవి ఆనించేది. పక్కింటి కుర్రాడి బూట్ల చప్పుడు మెట్లు దిగి, మలుపు తిరిగి, వినపడకుండా పోయేదాకా చెప్పులు వేసుకునేది కాదు. కింద నూట ఒకటి దంపతులు సైకిళ్లు తాళం తీసే వేళ కిటికీ దగ్గరికి వెళ్లేది కాదు. ఇంట్లో మేజోళ్ల మీద మేజోళ్లు తొడుక్కుని పిల్లిలా నడిచేది. చెత్త బయట పెట్టేది కూడా అందరూ పెట్టేశాకే. దొంగతనం చెయ్యనేలేదు, దొంగ బతుకు మాత్రం వచ్చింది. ఇంకో సంగతి కూడా గమనించింది. దిగిన రోజు అంత పెద్దగా మోగిన కింది టీవీ, పది రోజులకల్లా గొంతు తగ్గిపోయింది. ఇప్పుడు నేలకి చెవి పెడితే తప్ప వినపడదు. కిటికీలోంచి దూరంగా చూసిన ఆ ఇంటి ముసలావిడకి కోపం వచ్చిందనుకుంది మిజుయే. పైన ఒక మనిషి దిగి, మాట వరసకైనా తన గడప తొక్కలేదని కోపం. టీవీ నవ్వులు కూడా తన చెవిన పడనివ్వకూడదన్నంత కోపం.

తమ్ముడు యసుహిదే సైతామా నుంచి ఫోన్ చేసినప్పుడు అడగనే అడిగాడు.

“అందరినీ పలకరించావా అక్కా?”

“ఆ.”

“కింద ఎవరుంటారు?”

“ఒక ముసలావిడ.”

“మంచిదేనా? సణిగే రకమా?”

“మంచిదే. టీవీ చూస్తుంది.”

“హమ్మయ్య. అమ్మ ఉన్నప్పుడు ఇంటికి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఉండేవారు. ఇప్పుడెలా ఉంటావో అని మా ఆవిడ ఒకటే గోల.”

వచ్చేవాళ్లు అమ్మ కోసం వచ్చేవారు. నర్సు, స్నానం చేయించే మనిషి, వీధి చివరి ముసలమ్మలు. గుమ్మంలో “కరసావా గారూ” అని పిలిస్తే అది అమ్మని. తను తలుపు తీసే చెయ్యి, టీ తెచ్చే చెయ్యి. అది కష్టంగా ఉండేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అమ్మ వెనక నిలబడడంలో వెచ్చదనం ఉంది. ఇప్పుడు ఆ పేరుకి పలకవలసింది తనే. కుంచెతో రాసిన ఆ పట్టీ చూసినప్పుడల్లా, వేరే మనిషి కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డట్టు ఉండేది.

తొమ్మిదో రోజు మొదటి పొట్లం విప్పింది, పక్కింటి కుర్రాడిది. ఒక కట్ట వండితే చాలు, రెండూ వండేసింది. సగం పొట్లం అల్మరాలో మిగిలితే అది తన వైపు చూస్తూ ఉంటుంది గనక. పొట్ట బిగిసేదాకా తిని, ఆ కుర్రాడు ఎలా తినేవాడో ఊహించుకుంది: నిలబడే, ఫోన్ చూసుకుంటూ, ఉల్లికాడ లేకుండా. పదిహేడో రోజు నూట ఒకటి దంపతులది. వాళ్లు ఒకరి పళ్లెంలో ఒకరు చాప్‌స్టిక్స్ పెట్టేవాళ్లనుకుంది. ఇద్దరి వంతూ తనే తిని, ఆ రాత్రి కడుపునొప్పితో ముడుచుకుని పడుకుంది. ఇవాళ ఇరవై ఆరో రోజు. మిగిలింది కింద ముసలావిడది. ఇది కూడా తినేస్తే ఇవ్వవలసింది ఏదీ ఉండదు. ఏదీ లేకపోతే ఇవ్వలేదన్న బాధ కూడా ఉండదు. మనసు చేసే లెక్క అది. తప్పు లెక్కని తెలుసు. అయినా శనివారం మధ్యాహ్నం, చూరు మీంచి కరిగిన మంచు టప్ టప్‌మని పడుతూ ఉండగా, నీళ్లు మరుగుతున్నాయి, చేతిలో పొట్లం ఉంది.

పట్టీని చింపింది. పేరు మధ్యకి చిరిగింది.

సోబాని గుప్పెట పట్టి గిన్నెలో నిలువుగా వదిలితే పువ్వులా విచ్చుకుని నీళ్లలోకి జారింది. రెండు కట్టలూ. చాప్‌స్టిక్స్‌తో ఒకసారి కలిపి గడియారం చూసింది. ఉల్లికాడ తరగడానికి కత్తి అందుకుంది.

గంట మోగింది.

మిజుయే చెయ్యి కత్తి మీద అలాగే ఆగిపోయింది. ఇరవై ఆరు రోజుల్లో ఆ గంట మోగడం రెండోసారి. మొదటిసారి గ్యాసు మనిషి. కదలకుండా ఉంటే వెళ్లిపోతారు. కానీ పొగ లాగే ఫ్యాను గిర్రున తిరుగుతోంది, ఆవిరి బయటికి పోతోంది. లోపల మనిషి లేదంటే చంటిపిల్ల కూడా నమ్మదు.

“ఉన్నారా అండీ? కింద ఇంటి మోమోసేని.”

ఆ గొంతు వినగానే మిజుయే చూపు తిన్నగా చిరిగిన పట్టీ మీదికి వెళ్లింది. దాన్ని చటుక్కున తీసి ఏప్రన్ జేబులో కుక్కుకుంది. వెళ్లి, గొలుసు వేసే ఉంచి, తలుపు బెత్తెడు తెరిచింది. పొట్టి మనిషి, ఎనభై దాటి ఉంటుంది. ఊలు టోపీ. చంకలో ఒక అట్ట, అట్టకి కాగితాలు బిగించి ఉన్నాయి.

“అమ్మయ్య, మనిషే!” అందావిడ. “ఏమీ అనుకోకండి. పైన మనిషి ఉందా, కొళాయి కారుతోందా అని పది రోజులుగా నాలో నేనే పందెం వేసుకుంటున్నాను. కొళాయి ఓడిపోయింది.”

మిజుయే తల వంచింది. నవ్వాలని తెలిసింది గాని ముఖం కదలలేదు.

“ఈ ఏడాది మన వరస ఇళ్లకి పెద్దని నేనే, వంతు వచ్చింది, ఏం చేస్తాం. మార్చితో వదిలిపోతుంది. ఇది మన వాడ అట్ట. ఇంటింటికీ తిరుగుతుంది చూడండి, చూసి ముద్ర కొట్టి పక్కింటికి పంపాలి. మీ పేరు ఇందులో లేదు. ఇవాళ జాబితా వాడ సంఘం పెద్దకి ఇచ్చెయ్యాలి. రాయమంటారా, వద్దా?”

“నా పేరా?”

“మరి నాదా? నాది ఉంది.” ఆవిడ పెన్ను తీసింది. “బలవంతమేమీ లేదు. మీ పక్కింటి అబ్బాయి వద్దన్నాడు. ‘బామ్మా, నాకు అట్టలూ గిట్టలూ వద్దు’ అన్నాడు. గీత కొట్టేశాను. వద్దంటే అట్ట రాదు, ఎవరూ తలుపు తట్టరు. కొందరికి అదే హాయి. మీరూ అలాంటి మనిషేమోనని...” ఆగి, టోపీ కిందికి లాక్కుంది. “మీరు దిగిన రోజు నేను టీవీ గట్టిగా పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఎడమ చెవి వినపడదు. ఎవరైనా గంట కొట్టి ఉంటారా అని తర్వాత అనుకున్నాను. ఆ తర్వాత మీ అలికిడే లేదు. నేను తుమ్మితే మీ అడుగు ఆగిపోయేది. సరే, చప్పుడంటే పడని మనిషి కాబోలు అని నేనూ టీవీ గొంతు తగ్గించేశాను. బొమ్మలే చూస్తున్నాను. ఎవడు ఎందుకు ఏడుస్తున్నాడో తెలియదు.”

ఇన్నాళ్లూ మిజుయే కోపం అనుకున్నది కోపం కాదు. కింద ఒక మనిషి తన కోసం ఒదిగి కూర్చుంది. పైన తను ఆవిడ కోసం ఒదిగి నడిచింది. మధ్యలో ఒక చెక్క నేల. ఇప్పుడు చెప్పాలి. ‘నేను గంట కొట్టాను, నేనే.’ నాలుగు మాటలు. నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి ఎప్పటి అలవాటో, ఎవరి నోటి మాటో, అది వచ్చింది.

“ఆలోచించి చెప్తానండి.”

మోమోసే గారి ముఖంలో ఏమీ మారలేదు. మారకపోవడంలోనే తెలిసిపోయింది. ఈ దేశంలో ఆలోచించి చెప్తానంటే వద్దనే. ఇన్సూరెన్స్ వాడితో అమ్మ అలాగే అనేది, పత్రిక వేస్తామన్నవాడితో తను అలాగే అనేది. విన్నవాళ్లు నొచ్చుకోకుండా వెళ్లిపోవడానికి ఉన్న మాట అది.

“అలాగే, అలాగే. తొందరేం లేదు,” అంది ఆవిడ, ఇవాళే జాబితా ఇచ్చెయ్యాలన్న మనిషి. పెన్ను అట్ట మీద పెట్టింది. అంతలో ముక్కు ఎగబీల్చింది. “ఏమిటది... సోబానా? అయ్యో, పొంగుతోంది! పొంగుతోంది, వెళ్లు! నాతో మాటలేమిటి, వెళ్లు పిల్లా! చల్లనీళ్లు పొయ్యకు, మంట తగ్గించు చాలు!”

మిజుయే పరుగెత్తింది. నురగ గిన్నె అంచు దాటి పొయ్యి మీద చర్రుమంటోంది. మంట తగ్గించింది. వెనక్కి చూసేసరికి తలుపు సందులో ఎవరూ లేరు. ఇనుప మెట్ల మీద ఒక్కొక్క మెట్టుకీ రెండు పాదాలూ ఆనిస్తూ దిగుతున్న చప్పుడు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. అడుగున కాసేపు ఆగింది. ఊపిరి తీసుకుంటోందేమో. అట్ట మీద గీత కొడుతోందేమో.

ఎన్ని నిమిషాలైందో తెలియదు. ఒక పోగు తీసి కొరికింది. పంటికి తగిలి తెగింది. మధ్యలో ఇంకా కాస్త గట్టితనం ఉంది. బాగుంది. ఆశ్చర్యపోవడానికి కూడా వ్యవధి లేకుండా గిన్నె ఎత్తి చిల్లుల బుట్టలోకి వార్చింది. ఆవిరి ముఖాన కొట్టింది. కొళాయి తిప్పింది. ఫిబ్రవరి నీళ్లు, చేతులు కొంకర్లు పోయే నీళ్లు. జిగురు పోయేదాకా, ఒక్కొక్క పోగూ విడివడేదాకా సోబాని రెండు చేతులతో పిసికి కడిగింది. ఇద్దరు మనుషుల సోబా. బుట్ట బరువుగా ఉంది.

సోమవారం వెళ్తాను, అనుకుంది. లాండ్రీ నుంచి వచ్చేటప్పుడు కొట్టుకి వెళ్లి కొత్త పొట్లం కట్టిస్తాను. కొట్టావిడ ఎందుకని అడుగుతుంది. వేరే కొట్టుకి వెళ్తాను. ఒక ఉత్తరం కూడా రాస్తే మంచిది. మాట తడబడితే ఉత్తరం ఇచ్చేసి రావచ్చు. మంచి కాగితం కావాలి. చేతిరాత బాగుండదు, నాలుగుసార్లు రాసుకోవాలి. అయితే బుధవారం. బుధవారానికి జాబితా ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు దానికి కూడా ఒక క్షమాపణ...

తన ఆలోచన ఎలా నడుస్తుందో అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. అది మర్యాద వేషం వేసుకుంటుంది. చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఎదుటివాళ్ల కోసమే అంటుంది. ఒక్కో ఏర్పాటూ చేసి, ఆ ఏర్పాటు వెనక ఒక రోజు దాక్కుంటుంది. అమ్మ మంచం పక్కన పదకొండేళ్లు దాక్కున్నట్టే. మంచం ఖాళీ అయినా దాక్కోవడం ఆగలేదు, సోబా పొట్లాల వెనక చేరింది. రేపు ఇంకో చోటు చూసుకుంటుంది. దానికి చోట్లకేం కొదవ?

బుట్టలోంచి నీళ్లు సింకులోకి కారుతున్నాయి. ధార సన్నబడి చుక్కలైంది. కడిగిన సోబా ఆగదు. ఐదు నిమిషాల్లో పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, పది నిమిషాలకి ముద్ద. దానికి పట్టీ కట్టి సోమవారం దాకా దాచడం కుదరదు. దానికి మంచి స్వెట్టరు అక్కర్లేదు. ఉత్తరం అక్కర్లేదు.

రసం సీసా ఏప్రన్ జేబులో వేసుకుంది. చింపి కుక్కిన పట్టీ వేళ్లకి తగిలింది; తీసి చెత్తబుట్టలో పడేసింది. బుట్టని రెండు చేతులా పట్టుకుని, గొలుసు విప్పడానికి దాన్ని ఒకసారి నేల మీద పెట్టి, మళ్లీ ఎత్తుకుంది. చెవి ఆనించి వినడం గుర్తురాలేదు. కాళ్లకి గుడ్డ చెప్పులే ఉన్నాయని మెట్ల మీద కరిగిన మంచు తడి తగిలాక గాని తెలియలేదు. పక్కింటి కుర్రాడు సంచీతో ఎదురొచ్చి, చుక్కలు కారుతున్న బుట్టనీ, ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూసి గోడ పక్కకి ఒదిగాడు.

“నమస్కారమండి,” అన్నాడు అయోమయంగా.

“నమస్కారం. పక్కింటి కరసావాని,” అంది మిజుయే ఆగకుండానే. కాళ్లు దిగుతూనే ఉన్నాయి.

నూట రెండు తలుపు మూసి ఉంది. లోపల టీవీ వినపడీ వినపడనట్టు ఉంది. ఎవరో ఏడుస్తున్నారు, ఎందుకో తెలియదు. తలుపు పక్కన చిన్న బల్ల మీద ఆ అట్ట బోర్లించి ఉంది. గీత కొట్టారో లేదో తిప్పి చూడాలంటే చేతులు ఖాళీ లేవు. చల్లటి నీళ్లు బుట్ట అడుగు నుంచి మణికట్ల మీదుగా చొక్కా చేతుల్లోకి పోతున్నాయి. ఏమనాలో ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకోవడం మొదలుపెడితే సోబా పాడవుతుందని తెలుసు.

మిజుయే బుట్టని రొమ్ముకి ఆనించుకుని, కొంచెం వంగి, మోచేత్తో గంట నొక్కింది.